ఇంజన్ ఆయిల్‌లో లోహాలు – ఆముదం నాటి నుండి నేటి దాకా

ప్రత్యేక సంచికకు వ్యాసం కావాలని మన కార్యదర్శిగారు ఫోను చేసి, "సర్వీసు జ్ఞాపకాలు చాలామంది వ్రాస్తున్నారు. మీరు మీ ప్రయోగశాల విద్య గురించి వ్రాయండి. అయితే ఇంటిల్లిపాదీ చదివేటట్టు ఉండాలి సుమా!" అన్నారు. డీజిల్ షెడ్డు ప్రయోగశాలలో ముప్ఫై రెండేళ్ళు నేను చేసిన పని, రైలింజన్ల నుండి తీసిన ఆయిల్‌ను పరీక్షించి అందులో ఏ లోహం ఎంత ఉన్నదో చెప్పడం. మనిషికి రక్తపరీక్ష ఎటువంటిదో ఇంజనుకు ఇది అటువంటిది. ఇనుము పెరిగితే లైనర్లో రింగులో అరుగుతున్నవని, రాగి, సీసం పెరిగితే బేరింగుల పని అయిపోవచ్చినదని, సోడియం, బోరాన్ కనిపిస్తే చల్లార్చే నీళ్ళు ఎక్కడో ఆయిల్‌లోకి కారుతున్నవని అర్థం. కనుక ఆయిల్‌లో లోహం అంటే మాకు రోగలక్షణం.

సాయంత్రం హుస్సేనీ ఆలంలోని ఇంటికి వస్తే కథ వేరుగా ఉండేది. మా గల్లీ మొగలో ఒక మెకానిక్ షెడ్డు. దాని యజమానిని పేటంతా ఉస్తాద్ అనే పిలిచేవారు. ఆయన ఏదో ఒక కొత్త డబ్బా పట్టుకొని నా కోసం కాచుకొని ఉండేవాడు. "సాబ్, ఇండ్ల జింక్ ఉన్నదంట. ఇంజన్‌కు తాకత్ వస్తదంటున్నరు. సచ్ బాత్ హై క్యా?" అని అడిగేవాడు. అంటే పొద్దున్న రోగమైనది సాయంత్రానికి మందు అయి కూర్చున్నది! ఈ రెండు మాటలూ నిజమే. ఎట్లా నిజమో చెప్పాలంటే కొంత చరిత్ర చెప్పవలసి ఉంటుంది. ఓపికగా చదవమని మిత్రులకు మనవి.

హుస్సేనీ ఆలం నుండి నడిచిపోయేంత దూరంలోనే ఖిల్వత్, చౌమహల్లా పాలసు ఉన్నవి. పాలసు చూసి వచ్చినవారు అక్కడ అద్దాల వెనుక ఉన్న పసుపుపచ్చ రోల్స్ రాయిస్ కారును మరచిపోరు. ఆరవ నిజాము మహబూబ్ అలీ పాషా హయాములో దానికి ఆర్డరు ఇచ్చారు. ఆయన 1911లో కాలం చేయగా, కారు ఏడవ నిజాము కాలంలో వచ్చి చేరింది. 1912 నాటి సిల్వర్ ఘోస్ట్ అది. ఆ రోజుల్లో అంతటి కారులోనూ పోసినది కేవలం నూనె మాత్రమే. భూమిలోంచి తీసిన ముడి చమురును వడగట్టి, శుద్ధి చేసి డబ్బాలకు ఎత్తేవారు. అందులో మరొక దినుసు కలిపేవారు కాదు. అయిదు వందల మైళ్ళకో వెయ్యి మైళ్ళకో దాన్ని దించి పారబోసి కొత్తది పోయవలసి వచ్చేది. రాజుగారి కారు కనుక సరిపోయింది.

భూమి నూనెకు లోహాన్ని అంటిపెట్టుకొని ఉండే గుణం తక్కువ. వేడికి పలుచబడి జారిపోతుంది. ఆముదానికి ఆ గుణం పుట్టుకతోనే ఉన్నది. మన తాతలు ఎడ్లబండి ఇరుసుకు ఆముదంలో గడ్డి మసి కలిపి కందెన పెట్టేవారు గదా, వారికి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. 1909లో ఇంగ్లండులో వేక్‌ఫీల్డ్ కంపెనీవారు తమ నూనెలో ఆముదం కలిపి, ఆముదానికి ఇంగ్లీషులో ఉన్న క్యాస్టర్ అనే పేరులోంచే క్యాస్ట్రాల్ అని పేరు పెట్టారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఎన్నో విమానాల ఇంజన్లు ఆముదంతోనే తిరిగినవి. హైదరాబాద్ రాష్ట్రం ఆముదాల పంటకు పెట్టింది పేరు. నల్గొండ, మహబూబ్‌నగరం చలక నేలల్లో అవి విస్తారంగా పండేవి. మన పొలాల గింజ ఏ విమానంలో ఏ దేశం మీద ఎగిరిందో చెప్పలేము గానీ, ఇంజను నూనె కథలో మన ప్రాంతానికి ఆ మాత్రం వాటా ఉన్నది.

ఆముదానికీ ఒక దోషం ఉన్నది. బాగా వేడెక్కితే జిగురై గట్టిపడుతుంది. పిస్టన్ రింగులు ఆ జిగురులో ఇరుక్కొని కదలవు. విమానం ఇంజనును కొన్ని గంటలకొకసారి విప్పి కడిగేవారు కనుక దానికి చెల్లింది. రోజూ తిరిగే బస్సుకు చెల్లదు.

బస్సు మాట వచ్చింది కనుక ఒక్క ముచ్చట. 1932 జూన్‌లో నిజాము ప్రభుత్వ రైల్వే క్రిందనే రోడ్డు రవాణా శాఖ మొదలైంది. అప్పుడు ఉన్నవి 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. స్కాట్లాండు కంపెనీ ఆల్బియన్ చేసిన బస్సులు నాటి రోడ్ల మీద తిరిగినవి. తర్వాత 1958 జనవరి 11న ఏర్పడిన ఆర్టీసీకి మూలం అదే. బస్సులు రైల్వేవారి ఇంట పుట్టిన బిడ్డలని మనవాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. చెప్పుకోవచ్చు కూడా.

సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే అమెరికాలో ఒక చిక్కు వచ్చిపడింది. క్యాటర్‌పిల్లర్ కంపెనీ 1931లో డీజిల్ ట్రాక్టరు తీసుకువచ్చింది. డీజిలు పెట్రోలు కంటే ఎక్కువ మసి చేస్తుంది. దానికి తోడు అందులోని గంధకం కాలి ఆమ్లం తయారవుతుంది. మంచి పేరున్న నూనెలు పోసినా రింగులు మసితో బిగుసుకుపోయి ఇంజన్లు ఆగిపోసాగినవి. 1935 ప్రాంతంలో క్యాలిఫోర్నియా స్టాండర్డ్ ఆయిల్ కంపెనీవారు నూనెలో అల్యూమినియం సబ్బు కొద్దిగా కలిపి చూశారు. రింగులు విడివడినవి. ఇంజన్ ఆయిల్‌లోకి లోహం కావాలని, తెలిసి కలిపిన రోజులు అవి.

సబ్బు అనే మాట చూసి ఆశ్చర్యపోకండి. కొవ్వులోని ఆమ్లం ఏదైనా లోహంతో కలిస్తే సబ్బే. మనం ఒంటికి రుద్దుకునేది సోడియం సబ్బు, అది నీళ్ళలో కరుగుతుంది. మా పాతబస్తీ బోరు నీళ్ళలో సబ్బు నురగ రాక, బకెట్టు అంచున తెల్లటి తెట్టు కడుతుంది. ఆడవాళ్ళు విసుక్కునే ఆ తెట్టు కాల్షియం సబ్బు. అది నీళ్ళలో కరగదు. తగిన నూనె ఆమ్లంతో తయారుచేస్తే అదే జాతి సబ్బు ఆయిల్‌లో చక్కగా కరుగుతుంది. లోహం ఉన్న కొస మసి కణాన్ని పట్టుకుంటుంది, నూనె ఉన్న కొస దాన్ని ఆయిల్‌లో తేలుస్తూ ఉంచుతుంది. మసి ఎక్కడా పేరుకోదు. ఆయిల్ మార్చినప్పుడు దానితోపాటే బయటకు పోతుంది.

అందుచేత, కొత్త ఆయిల్ పోసిన వారానికే నల్లబడిందని షాపువాడిని తిట్టడం అన్యాయం. డీజిల్ ఇంజన్‌లో ఆయిల్ నల్లబడిందంటే అది తన పని తాను చేస్తున్నదన్నమాట. నెలలు తిరిగినా తెల్లగానే ఉంటే, మసి ఇంజన్ లోపల ఎక్కడో కూర్చున్నదేమోనని అనుమానించాలి. ఈ ఒక్క విషయం ఉస్తాద్‌కు నచ్చజెప్పడానికి నాకు రెండేళ్ళు పట్టింది. నచ్చిన తర్వాత ఆయన దాన్ని తన మాటగానే అందరికీ చెప్పేవాడు. నాకు సంతోషమే.

అల్యూమినియం ఎక్కువకాలం నిలువలేదు. దాని స్థానంలోకి కాల్షియం వచ్చింది. బేరియం కొంతకాలం వెలిగి వెనుకబడింది. మెగ్నీషియం ఇప్పటికీ అక్కడక్కడా ఉన్నది. కాల్షియం గెలవడానికి కారణం దానికి రెండో పని కూడా చేతనవడం. మెత్తటి సున్నపురాయి వంటి కాల్షియం కార్బొనేటును కంటికి కనపడనంత సన్నని కణాలుగా సబ్బు మధ్యలో దాచి ఆయిల్‌లో నిలుపుతారు. గంధకం నుండి పుట్టే ఆమ్లాన్ని అది ఎప్పటికప్పుడు విరిచేస్తుంది. కడుపులో మంటకు మనం మింగే సున్నపు మాత్ర చేసే పని కూడా అదే. మన దేశపు డీజిల్‌లో 1990ల మొదట్లో గంధకం నూటికి ఒక పాలు దాకా ఉండేది. కాబట్టి ఆయిల్‌లో కాల్షియం దండిగా ఉండవలసి వచ్చేది.

1947లో అమెరికా పెట్రోలియం సంస్థ ఆయిళ్ళను మామూలు, మేలు, హెవీ డ్యూటీ అని మూడు తరగతులు చేసింది. మన మెకానిక్కులు "హెచ్.డి. ముప్ఫై", "హెచ్.డి. నలభై" అంటారే, ఆ హెచ్.డి. అక్కడిదే. అంటే మసిని కడిగే సబ్బు కలిపినదని భావం. చిక్కదనాన్ని చెప్పేది పక్కనున్న అంకె. చాలామంది హెచ్.డి. అంటే చిక్కని ఆయిల్ అనుకుంటారు.

ఇక జింకు. 1930లలో ఇంజన్ల బలం పెరిగేసరికి మెత్తటి బేరింగులు చాలక రాగి, సీసం కలిపిన గట్టి బేరింగులు వచ్చినవి. నూనె వేడికి గాలి తగిలి పులిసి పుట్టే ఆమ్లం వీటిలోని సీసాన్ని తినేసేది. నూనె పులియకుండా ఉండటానికి 1940ల మొదట్లో జింకు, భాస్వరం, గంధకం కలిసిన ఒక పదార్థాన్ని వాడసాగారు. దాని పూర్తి పేరు నోరు తిరగదు. ఉస్తాద్ లాగా మనమూ జింకు అనే అందాము. నూనెను కాపాడటానికి వచ్చిన ఈ జింకు ఇనుమునూ కాపాడుతున్నదని 1950ల నాటికి తేలింది. క్యామ్, టాపెట్ రాసుకునే చోట ఒత్తిడి, వేడి అధికం. అక్కడ ఈ పదార్థం విడిపోయి, ఇనుము మీద గాజు వంటి పొరగా ఏర్పడుతుంది. ఆ పొర మందం మిల్లీమీటరులో సుమారు పదివేలవ వంతు. ఇనుముకు బదులు పొర అరుగుతుంది. అరిగినచోట మళ్ళీ కడుతుంది.

దీనికి కావలసిన మోతాదు ఎంత? నాలుగు లీటర్ల కారు ఆయిల్‌లో ఉండే జింకు మొత్తం నాలుగు గ్రాములకు అటూ ఇటూ. కాఫీలో వేసుకునే ఒక చెంచా చక్కెర కంటే తక్కువ! ఈ నాలుగు గ్రాముల సంగతి మీరు జ్ఞాపకం ఉంచుకుంటే తర్వాతి కథ సులభంగా అర్థమవుతుంది.

ఈ విద్య మన దేశానికి వచ్చిన తీరు క్లుప్తంగా చెబుతాను. 1957లో విశాఖపట్నంలో క్యాల్‌టెక్స్ రిఫైనరీ మొదలైంది. తర్వాత అది హెచ్.పి.సి.ఎల్. చేతికి వచ్చింది. ఆయిల్‌లో కలిపే దినుసులను ఇక్కడే తయారుచేయాలని 1966లో భారత ప్రభుత్వమూ అమెరికాకు చెందిన లూబ్రిజాల్ కంపెనీ కలిసి లూబ్రిజాల్ ఇండియాను పెట్టారు. 1972లో ఇండియన్ ఆయిల్ వారి సర్వో పేరు, ఫరీదాబాద్‌లో వారి పరిశోధన కేంద్రం రెండూ వచ్చినవి. 1989లో మద్రాసులో ఇండియన్ అడిటివ్స్ ఏర్పడింది. చదువుకున్న రసాయన శాస్త్రవేత్తలు నెలల తరబడి ఇంజన్లను నడిపి చూసి, ఏది ఎంత పడాలో తేల్చి, సీలు వేసిన డబ్బాలో మనకు అందిస్తున్నారు. మంచి ఇంజన్ ఆయిల్‌లో నూటికి పది నుండి ఇరవై పాళ్ళు దాకా ఈ దినుసులే ఉంటాయి.

సీలు డబ్బా కొనేవారు మా పేటలో ఎంతమంది ఉండేవారన్నది వేరే సంగతి. పీపాలోంచి కొలిచి పోసే లూజు ఆయిల్‌కే గిరాకీ. అందులో కాలిన ఆయిల్‌ను వడగట్టి రంగు తేర్చి అమ్మేవాళ్ళూ ఉండేవారు. చూపుకు తేనెలా ఉండేది. దానిలో లోహాలు లేకపోలేదు, ఉన్నవి. కానీ ఉన్నంత మాత్రాన లాభం లేదు. ఈ సంగతి మా ప్రయోగశాలలో మొదటి పాఠం.

రైలింజన్ ఆయిల్‌లో లోహాలను వెలుగు ద్వారా కొలవడం 1940లలో అమెరికాలోని డెన్వర్-రియో గ్రాండే రైల్వేలో మొదలైంది. ఆయిల్ చుక్కను విద్యుత్ మెరుపులో కాల్చితే ఒక్కొక్క లోహం ఒక్కొక్క రంగు వెలుగు ఇస్తుంది. దీపావళి మతాబులలో రంగులు వచ్చేది ఇట్లాగే. ఆ వెలుగును విడదీసి కొలిస్తే, పది లక్షల పాళ్ళలో ఒకటి రెండు పాళ్ళున్న లోహం కూడా దొరుకుతుంది. మన డీజిల్ షెడ్డులకూ ఈ పద్ధతి వచ్చింది. అయితే ఆ యంత్రం పరమాణువును చూస్తుందే కానీ, ఆ పరమాణువు ఏ స్థితిలో ఉన్నదో చెప్పలేదు. కొత్త ఆయిల్‌లో జింకు ఎంత చూపిస్తుందో, అరిగి చచ్చిపోయిన ఆయిల్‌లోనూ ఇంచుమించు అంతే చూపిస్తుంది. పదార్థం విడిపోయి పని అయిపోయింది, జింకు పరమాణువు మాత్రం ఎక్కడికీ పోలేదు. అందుకే కొత్త ఆయిల్ నమూనాను పక్కన పెట్టుకొని, ఆమ్లాన్ని విరిచే శక్తి ఎంత మిగిలిందో విడిగా చూసి, ఆ తర్వాతే రిపోర్టు వ్రాసేవాళ్ళం. పైగా పెద్ద రజను ఆ యంత్రం కంటికి ఆనదు. ఫిల్టరు విప్పి వేలితో రుద్ది చూస్తేనే తెలిసేది.

జింకు అందరికీ మందు కాదనడానికి రైల్వేలోనే ఒక నిదర్శనం ఉన్నది. జనరల్ మోటార్స్ వారి ఎలక్ట్రో-మోటివ్ ఇంజన్లలో పిస్టన్ పిన్ను బేరింగుకు వెండి పూత ఉండేది. మామూలు కారుకు ప్రాణం పోసే ఈ జింకు పదార్థం ఆ వెండిని తినేస్తుంది. అందుచేత ఆ ఇంజన్లకు జింకు లేని ఆయిల్ మాత్రమే పోయాలి. 1962లో మన దేశానికి వచ్చిన డబ్ల్యు.డి.ఎం.-4 ఇంజన్లు ఆ కంపెనీవే. మళ్ళీ 1999లో డబ్ల్యు.డి.జి.-4 పేరుతో అదే కంపెనీ కొత్త ఇంజన్లు వచ్చినవి.

రెండవ నిదర్శనం మా గల్లీలోనే. ఆ రోజుల్లో ఆటోలన్నీ టూ స్ట్రోక్ ఇంజన్లు. పెట్రోలులోనే ఆయిల్ కలిపి పోస్తారు, అది పెట్రోలుతో పాటే కాలిపోతుంది. నూనె కాలితే పొగై పోతుంది, అందులోని లోహం ఎక్కడికి పోతుంది? బూడిదై ప్లగ్గు మీద కూర్చుంటుంది. కారుకు పోసే కాల్షియం ఆయిల్‌ను చవకగా వస్తున్నదని ఆటోలో కలిపినవాళ్ళు రోజు మార్చి రోజు ప్లగ్గు గీకించుకోవడానికి ఉస్తాద్ దగ్గరకు వచ్చేవారు. టూ స్ట్రోక్ ఆయిల్‌లో లోహం బాగా తక్కువ ఉండేది ఇందుకే. "గరీబుకు ప్లగ్గు, గరీబుకు తేల్, రెండూ నష్టమే" అనేవాడు ఉస్తాద్.

ఇప్పుడు డబ్బాల కథకు వస్తాను. ఆయిల్‌లో ఇంత జింకు ఇంత మేలు చేస్తే, మరింత వేస్తే మరింత మేలు కాదా? లోహం అరిగినచోట లోహపు పొడే పోస్తే గుంట పూడదా? ఈ ఆలోచన మీద లోకమంతటా పెద్ద వ్యాపారం నడిచింది. రాగి, వెండి, సీసం పొడి కలిపిన డబ్బాలు అమెరికాలో అమ్మారు. ఎస్.టి.పి. అనే ప్రసిద్ధమైన డబ్బాలో చిక్కదనం పెంచే ద్రవంతోపాటు మనం చెప్పుకున్న జింకు పదార్థమే ఉండేది. ప్రకటనల్లో చెప్పిన గొప్పలకు ఆధారాలు చాలవని ఆ కంపెనీ మీద 1978లో అక్కడి ప్రభుత్వ వ్యాపార సంస్థ 5 లక్షల డాలర్ల జరిమానా రాబట్టింది. అన్నీ మోసమని నేను అనను. జర్మనీలో 1957లో పుట్టిన లిక్వి మోలీ కంపెనీ మాలిబ్డినం డైసల్ఫైడు అనే నల్లపొడితో మొదలైంది. ఆ పొడి గ్రీజులలో చాలా గొప్పగా పనిచేస్తుంది. ఇప్పటి కారు ఆయిళ్ళలో నూనెలో కరిగే మాలిబ్డినం కొద్దిగా కలుపుతున్నారు. కరిగేది వేరు, పొడిగా తేలేది వేరు. తేడా అంతా అక్కడ ఉన్నది.

1980ల చివరలో మా ఎదురింటి పెద్దమనిషి ఒకాయన, ఒక ఆఫీసులో గుమాస్తాగా రిటైరై, వచ్చిన పి.ఎఫ్. డబ్బులో సగం పెట్టి పాత అంబాసిడరు కొని టాక్సీకి ఇచ్చాడు. కూతురు పెండ్లి కోసం మిగతా సగం దాచుకున్నాడు. కొన్నాళ్ళకు కారు పొగ వదలసాగింది. ఇంజన్‌కు బోరు చేయించమని ఉస్తాద్ చెప్పాడు. అంతలో ఒక కంపెనీ మనిషి మోటారు సైకిల్ మీద వచ్చాడు. వెంట ఒక చిన్న మోటారు, తిరిగే ఇనుప చక్రం, దాని మీద నొక్కే గుండు బేరింగు. మామూలు ఆయిల్ చుక్క వేసి నొక్కితే చక్రం కీచుమని ఆగింది. తన డబ్బాలోది నాలుగు చుక్కలు వేస్తే ఎంత నొక్కినా ఆగలేదు. గల్లీ అంతా చప్పట్లు.

ఆ ప్రదర్శన ఇప్పటికీ సంతల్లో జరుగుతూ ఉంటుంది కనుక దాని రహస్యం చెబుతాను. అది గేరు నూనెలకు, గ్రీజులకు పనికివచ్చే పరీక్ష. ఇంజన్‌లో అటువంటి ఒత్తిడి ఉండదు. క్లోరిన్ ఉన్న ద్రవం ఏదైనా, బట్టలు తెల్లబరిచే బ్లీచింగు నీళ్ళు సైతం, ఆ చక్రం దగ్గర నెగ్గుతుంది. అదే క్లోరిన్ ఇంజన్ వేడికి ఆమ్లమై బేరింగులను కొరుకుతుంది. చక్రం ఆగకపోవడం ఒకటి, ఇంజన్ నిలవడం ఒకటి.

పెద్దమనిషి నా దగ్గరకు వచ్చి, "తమ్మీ, మూడు వందల డబ్బా పోస్తే వేల రూపాయల బోరు పని తప్పుతదంటున్నరు. నువ్వేమంటవ్?" అన్నాడు. "అన్నా, పొగ వచ్చేది రింగులు అరిగినందుకు. అరిగిన రింగు పొడితో పెరగదు. పొయ్యకు" అన్నాను. ఆయన తల ఊపి వెళ్ళాడు. వారం తిరక్కుండానే రెండు డబ్బాలు పోయించాడు. ఆయనను తప్పు పట్టను. చేతిలో కొద్ది డబ్బు ఉండి, ముందర పెద్ద ఖర్చు ఉన్న మనిషికి చవక మాట చెవికి ఇంపుగా ఉంటుంది.

నెల రోజులు పొగ తగ్గినట్టే కనిపించింది. డబ్బాలోని చిక్కటి ద్రవం చేసిన పని అది. తర్వాత ఒక రాత్రి పురానాపూల్ దాటి వస్తుండగా ఇంజన్ లోపల టకటకమని మొదలై ఆగిపోయింది. సంపు విప్పినప్పుడు నేను అక్కడే ఉన్నాను. అడుగున బూడిదరంగు బురద రెండు వేళ్ళ మందాన ఉన్నది. ఆయిల్ పీల్చుకునే జాలీ సగానికి పైగా మూసుకుపోయింది. ఆయిల్ అందక బిగ్ ఎండ్ బేరింగులు కరిగి, క్రాంకు గీసుకుపోయింది. ఆ బురదను కొద్దిగా కాగితం మీద వేసి పెట్రోలుతో కడిగి చూపిస్తే పొడి మిగిలింది. క్రాంకు గ్రైండింగు, బోరు, బేరింగులు అన్నీ కలిసి పెండ్లికి దాచిన దానిలోనుండి ఖర్చయింది. పెండ్లి ఏడాది వెనక్కి పోయింది. ఆ మోటారు సైకిల్ మనిషి మళ్ళీ మా పేటకు రాలేదు.

అంబాసిడరు గురించి మరొక మాట. ఆ ఇంజన్‌లో చదును టాపెట్లు క్యామ్ మీద నేరుగా రాసుకుంటాయి కనుక దానికి జింకు నిజంగానే అవసరం. 1958 నుండి 2014 దాకా ఆ కారు తయారైంది కనుక మన పెన్షనర్ల ఇళ్ళల్లో ఇంకా అక్కడక్కడా ఉన్నది. అయితే కొత్త ఆయిళ్ళలో ఈ పదార్థం క్రమంగా తగ్గుతూ వచ్చింది. కారణం పొగ గొట్టంలో ఉన్నది. 1995 ఏప్రిల్ 1 నుండి నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకు పొగను శుద్ధి చేసే కెటలిటిక్ కన్వర్టరు పెట్టి సీసం లేని పెట్రోలు ఇచ్చారు. 2000 ఫిబ్రవరి 1 నుండి దేశమంతటా పెట్రోలులో సీసం పోయింది. సీసం పోయాక, కన్వర్టరును పాడుచేసే తర్వాతి శత్రువు ఆయిల్ నుండి వచ్చే భాస్వరమని తేలింది. జింకు పదార్థంలో భాస్వరం ఉన్నదని పైన చెప్పాను గదా. అమెరికా వారి కారు ఆయిల్ ప్రమాణంలో భాస్వరం హద్దు 1993లో 0.12 శాతం, 1996లో 0.10, 2004లో 0.08 అయింది. అందుచేత పాత అంబాసిడరు, ఫియట్ ఉన్నవారు అన్నిటికంటే కొత్త, అన్నిటికంటే ఖరీదైన ఆయిల్ కోసం పోటీ పడనక్కరలేదు. పాత ఇంజన్లకని చెప్పి అమ్మే ఆయిల్ అడిగి తీసుకోవాలి.

కొత్త డీజిల్ కారు సంగతి దీనికి సరిగ్గా తిరుగు. 2020 ఏప్రిల్ 1 నుండి వచ్చిన బి.ఎస్.-6 బండ్లలో డీజిల్ గంధకం పది లక్షల్లో పది పాళ్ళకు దిగింది. ఆమ్లమే లేనప్పుడు అంత కాల్షియం ఎందుకు? పైగా ఆ కార్ల పొగ గొట్టంలో మసిని పట్టే జల్లెడ ఉన్నది. అందులో పడ్డ మసిని అప్పుడప్పుడు ఇంజనే కాల్చివేస్తుంది. లోహపు బూడిద మాత్రం కాలదు, పొయ్యిలో బూడిదలా మిగిలిపోయి రంధ్రాలు మూస్తుంది. ఆ జల్లెడ మార్చాలంటే చాలామంది పెన్షనర్ల కొన్ని నెలల పెన్షన్ పోతుంది. కనుక వాటికి బూడిద 1 శాతం లోపు ఇచ్చే ఆయిల్ మాత్రమే పోయాలి. కొడుకు కొత్త కారులో, "మన కాలంలో లారీకి ఇదే పోసేవాళ్ళం, ఎంత బలమైన ఆయిలో!" అని ఇంట్లో మిగిలిన పాత డబ్బా పోయబోయే పెద్దలను నేను ఇద్దరిని ఆపాను.

చివరగా, పని అయిపోయిన ఆయిల్ ఏమవుతుంది? ఇది పేటవాడిగా నన్ను ఎక్కువగా కలవరపెట్టిన విషయం. 2000కు ముందు పెట్రోలు ఇంజన్ల కాలిన ఆయిల్‌లో పెట్రోలు నుండి దిగిన సీసం దండిగా ఉండేది. జింకు, రాగి, మసి సరేసరి. పదేళ్ళ పిల్లలు మోచేతుల దాకా ఆ ఆయిల్‌లో ముంచి నట్లు కడిగి, ఆ చేతులనే గుడ్డకు తుడుచుకొని చాయ్, బన్ తినేవారు. చెదలు పట్టకుండా తలుపులకు, దూలాలకు దాన్నే పూసేవారు. సెంట్రింగు చెక్కలకు అదే. మిగిలినది మోరీలోకి, మోరీ నుండి మూసీలోకి. ఉస్తాద్‌తో నేను గట్టిగా పోట్లాడినది ఈ ఒక్క విషయంలోనే. చేతులు కిరోసిన్‌తో కాదు, రంపపు పొట్టుతోనూ సబ్బుతోనూ కడగాలని, తినేముందు తప్పనిసరని చెప్పి చెప్పి, ఆఖరుకు ఒక సబ్బు పెట్టె నేనే కొని అక్కడ పెట్టాను.

కాలిన ఆయిల్ 1989 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల తర్వాత క్రమంగా చట్టం కంటికి ఆనింది. 2024 ఏప్రిల్ 1 నుండి ఆయిల్ తయారుచేసే కంపెనీలే వాడిన ఆయిల్‌ను తిరిగి శుద్ధి చేయించే బాధ్యత కొంత మోయాలని నిబంధన వచ్చింది. సరైన శుద్ధిలో ఆయిల్‌ను శూన్యంలో మరిగించి ఆవిరి పడతారు. లోహాలన్నీ అడుగున నల్లటి ముద్దగా మిగిలిపోతాయి. వచ్చిన నూనె కొత్త నూనెకు తీసిపోదు. మళ్ళీ దినుసులు కలిపి వాడుకోవచ్చు. వడగట్టి రంగు తేర్చిన పాత పీపా సరుకుకూ దీనికీ పోలిక లేదు.

ఉస్తాద్ పోయి చాలా ఏళ్ళయింది. షెడ్డు ఇప్పుడు మనుమడి చేతిలో ఉన్నది. కాలిన ఆయిల్‌ను ఒక డ్రమ్ములో పోసి మూత బిగిస్తున్నాడు. పదిహేను రోజులకొకసారి బండి వచ్చి, లీటరుకు ఇంత అని డబ్బు ఇచ్చి, చిట్టీ వ్రాసి పట్టుకుపోతున్నది. కుర్రవాడు చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుంటున్నాడు. తాత వాడిన సబ్బు పెట్టె మాత్రం అదే చోట, అదే గోడకు ఉన్నది. మొన్న చూస్తే అందులో కొత్త సబ్బు ఉన్నది.